శాటిన్ మగ్గం మీద పుట్టిన లెక్క

బట్ట మెరవాలంటే పోగుల సంఖ్య ఏదైతే బాగుంటుందని ఆలోచించిన ఫ్రెంచి లెక్కల మాస్టారే, చేత్తో తేల్చినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్యను ప్రపంచానికిచ్చాడు

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వా ఊరి పేరు తెలియనివారికి కూడా అక్కడి సరుకు తెలిసే ఉంటుంది. గార్డెన్ సిల్క్ మిల్స్ పాలియెస్టర్ నూలు ప్లాంటు ఉన్నది అక్కడే. ఒకప్పుడు పత్రికల నిండా, టీవీ నిండా కనిపించిన గార్డెన్ వరేలీ చీరల పేరులోని వరేలీ కూడా అదే తాలూకా ఊరు. దేశంలో సింథటిక్ బట్టకు సూరత్‌ను మించిన కేంద్రం లేదు. ఆ మరమగ్గాల చప్పుడులో తెలుగు మాటలూ వినిపిస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టలేకపోయిన రోజుల్లో రైలెక్కిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత సంఖ్యలో వారున్నారు.

సూరత్ బట్టలో మెరుపు పాలు ఎక్కువ. ఆ మెరుపు కొంత నూలుది, కొంత నేతది. శాటిన్ నేతను ఐదు పోగులతో, ఏడు పోగులతో, ఎనిమిది పోగులతో వేయవచ్చు. ఆరు పోగులతో మాత్రం క్రమమైన శాటిన్ రాదు. ఎంత అనుభవమున్న నేతగాడైనా, ఎంత ఖరీదైన మగ్గమైనా రాదు. అడ్డుపడేది పనితనం కాదు, అంకగణితం. ఈ సంగతిని 1867లో ఒక చిన్న పుస్తకంగా రాసి పారిస్‌లో అచ్చు వేయించినవాడు ఎడ్వర్డ్ లూకాస్. తొమ్మిదేళ్ల తర్వాత 39 అంకెల సంఖ్య ఒకటి ప్రధాన సంఖ్యేనని తేల్చినవాడూ ఆయనే. చేతి లెక్కతో తేలిన ప్రధాన సంఖ్యల్లో అంతకంటే పెద్దది నేటికీ లేదు.

ఇంతకీ ఆరు చేసిన పాపమేమిటి? నేతలో ఉండేవి రెండే: నిలువుగా బిగించిన పడుగు, అడ్డంగా నడిచే పేక. సాదా నేతలో ఒక పోగు పైన, ఒక పోగు కింద. ట్విల్‌లో ముడి పడే చోటు ఒక్కో పేకకు ఒక్కో పోగు పక్కకు జరుగుతుంది. జీన్స్ ప్యాంటు మీద కనిపించే ఏటవాలు గీతలు అవే. శాటిన్‌లో ఆ గీత కనిపించకూడదు. ముడులు చెదిరి ఉండాలి, వాటి మధ్య పోగులు పొడవుగా తేలాలి. అప్పుడే వెలుగు నునుపుగా తిరిగి వస్తుంది.

ఐదు పోగుల శాటిన్‌ను చూడండి. మొదటి పేక ఒకటో పోగు దగ్గర ముడిపడింది. తర్వాతి పేకకు రెండు పోగులు జరిపితే మూడో పోగు, ఆ తర్వాత ఐదు. మరో రెండు జరిపితే ఏడు. అయిదు దాటింది కనుక మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తే రెండు. ఆ పైన నాలుగు. ఒకటి, మూడు, ఐదు, రెండు, నాలుగు. ఐదు పేకల్లో ఐదు పోగులూ ఒక్కోసారి ముడిపడ్డాయి. బట్ట నిలిచింది. ఇదే పని ఆరు పోగులతో చేస్తే ఒకటి, మూడు, ఐదు, మళ్లీ ఒకటి. రెండు, నాలుగు, ఆరో పోగులు ఎన్ని గజాలు నేసినా ఏ పేకకూ ముడిపడవు. అవి బట్టలో భాగం కావు, వెనక వేలాడే నూలు. మూడేసి జరిపితే ఒకటి, నాలుగు, ఒకటి, నాలుగు. ఇంకా అన్యాయం. నాలుగేసి జరిపినా రెండుతో వచ్చిన తిప్పలే. మిగిలినవి ఒకటి, ఐదు. వాటితో అన్ని పోగులూ ముడిపడతాయి గానీ వచ్చేది ఏటవాలు గీతల ట్విల్. ఆరు పోగుల శాటిన్ కావలసినవారు ఒకే అడుగు వేయకుండా అడుగులు మార్చి మార్చి నేస్తారు. అది సర్దుబాటు.

సూత్రం ఏమిటో ఈపాటికి తెలిసే ఉంటుంది. పోగుల సంఖ్యకూ అడుగుకూ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. ఎనిమిదికి మూడు, ఐదు అడుగులు కుదురుతాయి. పన్నెండుకు ఐదు, ఏడు. ఏడు పోగులకైతే రెండు, మూడు, నాలుగు, ఐదు, అన్నీ కుదురుతాయి. పదకొండుకు, పదమూడుకు కూడా అంతే. ఏ అడుగు వేసినా ఒక్క పోగునూ వదలకుండా చుట్టి వచ్చే సంఖ్యలివి. బడిలో ‘ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది’ అని బట్టీ పట్టే ప్రధాన సంఖ్యకు మగ్గం ఇచ్చే నిర్వచనం ఇది. బట్టీ పట్టిన దానికంటే ఇదే బాగా గుర్తుండిపోతుంది.

లూకాస్ 1842లో వెల్వెట్ నేతకు పేరున్న అమియెన్స్ పట్టణంలో పుట్టాడు. తండ్రి పీపాలు చేసే పనివాడు. కొడుకు పారిస్‌లో చదివి ఖగోళ పరిశోధనశాలలో కొంతకాలం పనిచేశాడు. ప్రష్యాతో యుద్ధంలో ఫిరంగి దళం అధికారిగా ఉండి, ఆ తర్వాత జీవితమంతా లెక్కల మాస్టారుగానే గడిపాడు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో పీఠం దక్కలేదు. గణితాన్ని ఆటగా చూడడం ఆయన స్వభావం. మూడు కడ్డీలు, రంధ్రాల బిళ్లలతో పిల్లలాడే ‘హనోయ్ గోపురం’ 1883లో ఆయన అమ్మకానికి పెట్టిన ఆటే. కాశీలోని ఒక గుడిలో పూజారులు 64 బంగారు బిళ్లలను కడ్డీ నుంచి కడ్డీకి మారుస్తున్నారనీ, ఆ పని పూర్తయిన నాడు లోకం అంతమవుతుందనీ ఆ ఆటకు ఒక కథ అతికించారు. కాశీలో అలాంటి గుడి లేదు. కథ మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

ఆ ఆటకూ ఆ 39 అంకెల సంఖ్యకూ బంధుత్వం ఉంది. మూడు బిళ్లలను మార్చడానికి ఏడు ఎత్తులు కావాలి. నాలుగింటికి 15, ఐదింటికి 31. రెండును అన్నిసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యలివి. వీటిలో ప్రధాన సంఖ్యలేవో చెబుతూ 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు ఒక జాబితా ప్రకటించాడు. 257 వరకు ఉన్న ఘాతాల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే పనికొస్తాయన్నాడు. రుజువు ఇవ్వలేదు. నిజానికి అంత పెద్ద సంఖ్యలను పరీక్షించే మార్గమే అప్పుడు లేదు. 31వ ఘాతం దగ్గర వచ్చే 2,147,483,647 ప్రధాన సంఖ్యేనని ఆయిలర్ తేల్చింది 1772లో.

127వ ఘాతం దగ్గర వచ్చే సంఖ్య ఇది: 170 141 183 460 469 231 731 687 303 715 884 105 727. దీన్ని చిన్న సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించుకుంటూ పోతే ఏమవుతుంది? సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసే యంత్రానికైనా దీని వర్గమూలం దాకా వెళ్లేసరికి నాలుగు వందల ఏళ్లు దాటుతుంది. లూకాస్ చేతిలో ఉన్నవి కాగితం, కలం. అందుకే భాగించడం మానేసి మరో దారి వెతికాడు.

ఆ దారిలో మన పూర్వులు నడిచిన జాడ ఉండడం విశేషం. 1, 1, 2, 3, 5, 8 అంటూ ముందరి రెండింటినీ కలుపుకుంటూ పోయే వరుసకు ఫిబొనాచి పేరు స్థిరపరిచింది లూకాసే. ఫిబొనాచికి ముందే, 12వ శతాబ్దంలో, ఇదే గుజరాత్‌కు చెందిన జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సులో లఘు గురువుల అమరికలు లెక్కిస్తూ ఆ వరుసను చెప్పాడు. దాని తోబుట్టువు లాంటి మరో వరుస 2, 1, 3, 4, 7, 11, 18, 29, 47. దీన్ని ఇప్పుడు లూకాస్ సంఖ్యలంటారు. ఇందులో రెండో స్థానం, నాలుగో స్థానం, ఎనిమిదో స్థానం అని రెట్టింపు చేసుకుంటూ చూస్తే (మొదటి 2ను సున్నా స్థానంగా లెక్కించాలి) 3, 7, 47, 2207 వస్తాయి. ప్రతిదీ ముందరి దాని వర్గం కంటే రెండు తక్కువ. పరీక్ష మొత్తం ఈ నడకే. మూడుతో మొదలుపెట్టు. వర్గం చేసి రెండు తీసెయ్యి. పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకో. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా మిగిలితే అది ప్రధాన సంఖ్య. లేకపోతే కాదు.

పెన్సిలుతో సరిచూడడానికి ఏడో ఘాతం చాలు. పరీక్షించే సంఖ్య 127. మూడు, తర్వాత 7, తర్వాత 47. తర్వాత 2207, దాన్ని 127తో భాగిస్తే శేషం 48. దాని వర్గంలో రెండు తీస్తే 2302, శేషం 16. దాని వర్గంలో రెండు తీస్తే 254. అది 127కు సరిగ్గా రెట్టింపు, శేషం సున్నా. ఐదు మెట్లలో తేలిపోయింది.

పదకొండో ఘాతంతో చూస్తే దారి మరోలా తిరుగుతుంది. పరీక్షించే సంఖ్య 2047. శేషాలు 3, 7, 47, 160, 1034, 620, 1609, 1471 అని నడిచి మళ్లీ 160 దగ్గరికి వస్తాయి. అక్కడి నుంచి అదే గుండ్రం. ఎన్ని మెట్లు ఎక్కినా సున్నా తగలదు. ఆరు పోగుల మీద రెండేసి అడుగులు వేసినప్పుడు కొన్ని పోగులు ఎప్పటికీ అందనట్టే. 2047 ప్రధాన సంఖ్య కాదు, 23ను 89తో గుణిస్తే వచ్చేది. పరీక్ష ఆ కారణాంకాలను చూపించదు, ఉన్నాయని మాత్రం చెబుతుంది.

(మూడుతో మొదలయ్యే ఈ పరీక్ష నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే ఘాతాలకు నప్పుతుంది. 127 అలాంటిదే. 1930లో అమెరికన్ గణితజ్ఞుడు డెరిక్ హెన్రీ లెహ్మర్ దీన్ని సరళం చేశాడు. నాలుగుతో మొదలుపెడితే రెండుకు పైనున్న ప్రధాన ఘాతాలన్నిటికీ సరిపోతుంది. అందుకే నేటి పేరు లూకాస్-లెహ్మర్ పరీక్ష.)

లూకాస్ అసలు సంఖ్యకు మెట్లు 125. ప్రతి మెట్టులో 39 అంకెల దాకా ఉండే సంఖ్యను దానితోనే గుణించాలి. వచ్చిన డెబ్భై చిల్లర అంకెల లబ్ధాన్ని మరో 39 అంకెల సంఖ్యతో భాగించాలి. ఎక్కడో ఒక అంకె తప్పితే అక్కడి నుంచి అంతా వృథా. ఈ చాకిరీని తగ్గించిన ఉపాయంలో నేతవాసన వేస్తుంది. ఏ సంఖ్యనైనా 99తో భాగిస్తే శేషం తెలుసుకోవడానికి భాగహారం అక్కర్లేదు. 4738ని సగానికి మడిచి 47, 38 కలిపితే 85, అదే శేషం. మనం వాడే పది అంకెల లెక్కలో 99 అన్నీ తొమ్మిదులే కనుక ఇది సాధ్యం. సున్నా, ఒకటి మాత్రమే వాడే ద్విసంఖ్యామానంలో లూకాస్ సంఖ్య వరసగా 127 ఒకట్లు. కాబట్టి ఎంత పొడవైన లబ్ధాన్నయినా 127 గళ్ల దగ్గర మడిచి, పై మడతను కింది దానితో కలిపితే చాలు. భాగహారం మొత్తం ఎగిరిపోతుంది. ఇందుకు లూకాస్ వివరించిన పరికరం నిలువునా అడ్డంగా 127 గళ్లున్న చదరంగపు పలక. ఒకటి ఉంటే గడిలో పావు, సున్నా అయితే ఖాళీ. శాటిన్ డిజైన్ గీసే గళ్ల కాగితాన్ని చూసినవారికి ఆ పలక కొత్తగా తోచదు.

1876లో ఫలితం ప్రకటించాడు. 127 విషయంలో మెర్సెన్ చెప్పింది నిజం. 67 విషయంలో తప్పు. ఆ సంఖ్యకు కారణాంకాలున్నాయని లూకాస్ తేల్చాడు గానీ అవేమిటో చెప్పలేకపోయాడు. 1903లో అమెరికాలో కోల్ అనే ప్రొఫెసర్ 193,707,721, 761,838,257,287 అని చూపించే దాకా లోకం ఆగవలసి వచ్చింది. ఆ తర్వాత మెర్సెన్ జాబితాలో మరిన్ని చిల్లులు బయటపడ్డాయి. 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి.

మరి లూకాస్ లెక్కనైనా నమ్మాలా? ఒక్క మనిషి ఒంటరిగా చేసిన 125 గుణకారాలు. కంప్యూటర్ లేదు, సాక్షి లేడు. ఈ అనుమానం చాలాకాలం వెంటాడింది. 1914లో ఫోకంబెర్గ్ అనే మరో ఫ్రెంచి గణితజ్ఞుడు మళ్లీ లెక్కించి సరేననడంతో తెరపడింది. 1891లోనే లూకాస్ వెళ్లిపోయాడు. ఒక విందులో జారిపడిన పింగాణీ పళ్లెం ముక్క చెంపకు తగిలి, ఆ గాయం విషమించి, 49 ఏళ్లకే చనిపోయాడు.

ఆయన సంఖ్య మాత్రం 75 ఏళ్ల పాటు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యగా నిలిచింది. 1951లో ఫెరియర్ చేతితో తిప్పే కాలిక్యులేటర్‌ సాయంతో 44 అంకెల దాన్ని పట్టుకున్నాడు. అదే ఏడాది కేంబ్రిడ్జి కంప్యూటర్ 79 అంకెల దాకా వెళ్లింది. ఆ కొత్త రికార్డు కూడా లూకాస్ సంఖ్యను వర్గం చేసి 180తో గుణించి ఒకటి కలిపినదే. 1952 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో రాబిన్సన్ రాసిన ప్రోగ్రాం లూకాస్ పరీక్షతోనే 521వ ఘాతాన్ని తేల్చింది. 2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ అనే అమెరికన్ యువకుడు అనేక దేశాల డేటా సెంటర్లలోని గ్రాఫిక్స్ చిప్‌లను అద్దెకు తీసుకుని 13,62,79,841వ ఘాతం దగ్గర ప్రధాన సంఖ్యను కనుగొన్నాడు. దానికి 4,10,24,320 అంకెలు. ముందు ఐర్లండ్‌లోని ఒక చిప్ అది ప్రధాన సంఖ్య కావచ్చని సూచించింది. మర్నాడు టెక్సస్‌లోని మరో చిప్ లూకాస్-లెహ్మర్ పరీక్షతో ఖాయం చేసింది. పలక మారింది, పావులు మారాయి. మడత పెట్టే ఉపాయం అదే.

నాలుగు కోట్ల అంకెల సంఖ్యతో ఏ పనీ జరగదు. బ్యాంకు లావాదేవీల రహస్యాన్ని కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి మూడు వందల చిల్లర అంకెల ప్రధాన సంఖ్యలు సరిపోతాయి. అవి ఎవరికీ తెలియనివి కావాలి కూడా. ఊరందరికీ తెలిసిన రికార్డు సంఖ్య రహస్యానికి ఎలా పనికొస్తుంది? కానీ రహస్యంగా ఉండనక్కరలేని ప్రధాన సంఖ్యలకు కూడా ఇప్పుడు గిరాకీ ఉంది. దీర్ఘవృత్తీయ వక్రాలంటూ గణితజ్ఞులు పిలిచే వాటి మీద నడిచే సంకేత పద్ధతుల్లో ప్రధాన సంఖ్య అందరికీ తెలిసిందే, రహస్యం మరోచోట ఉంటుంది. అక్కడ కావలసింది వేగం. ప్రతి గుణకారం తర్వాత శేషం తీయాలి కనుక మడతపెట్టగలిగే సంఖ్యకే పెద్దపీట. అమెరికా ప్రమాణాల్లోని పి-521 పద్ధతి రాబిన్సన్ 1952 నాటి సంఖ్య మీద నిలబడింది. వాట్సాప్ వాడే కర్వ్25519 పద్ధతిలోది రెండు 255వ ఘాతం నుంచి 19 తీసేసిన సంఖ్య. అన్నీ ఒకట్లు కాకపోయినా దాదాపు అంతే, మడత ఉపాయం దానికీ పనిచేస్తుంది. 2015లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఫోర్‌క్యూ అనే వేగవంతమైన పద్ధతిని రూపొందించినప్పుడు ఎంచుకున్నది సాక్షాత్తూ లూకాస్ సంఖ్యనే. చేతితో తేల్చిన 139 ఏళ్ల తర్వాత దానికి ఉద్యోగం దొరికింది.

మగ్గం మీద మాత్రం ఈ సంఖ్యకు ఒక లోటుంది. కొన్ని శాటిన్లలో ముడులు చెదరడమే కాదు, ఖచ్చితమైన చతురస్రాలుగా అమరుతాయి. బట్టను పావు వంతు తిప్పినా అదే అమరిక. ఐదు పోగుల శాటిన్, ఐదేసి అడుగుల 13 పోగుల శాటిన్, నాలుగేసి అడుగుల 17 పోగుల శాటిన్ అలాంటివి. ప్రధాన సంఖ్యల్లో ఈ భాగ్యం నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే వాటికే. రెండు వర్గాల మొత్తంగా రాయగలిగేవి అవే: 13 అంటే నాలుగు, తొమ్మిది. 17 అంటే ఒకటి, పదహారు. ఏడుకు అది లేదు, 31కి లేదు. చివర 27 ఉన్న లూకాస్ సంఖ్యను నాలుగుతో భాగిస్తే మూడు మిగులుతుంది. అన్ని పోగుల మగ్గమే ఉంటే దాని మీద శాటిన్లు లెక్కలేనన్ని వస్తాయి, చతురస్రపు శాటిన్ ఒక్కటీ రాదు.

ఇచ్చిన వరాలూ ఉన్నాయి. తన కారణాంకాలన్నీ (తనను వదిలేసి) కలిపితే మళ్లీ తానే అయ్యే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 అంటే 1, 2, 3. 28 అంటే 1, 2, 4, 7, 14. లూకాస్ సంఖ్యను రెండు 126వ ఘాతంతో గుణిస్తే 77 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. ఇది రెండువేల ఏళ్ల కిందట యూక్లిడ్ చెప్పిన సూత్రమే.

ఇక మిగిలింది బెల్జియం గణితజ్ఞుడు కాటలాన్ 1876లోనే ఎత్తిన ప్రశ్న. రెండో ఘాతం నుంచి ఒకటి తీస్తే 3. మూడో ఘాతం నుంచి తీస్తే 7. ఏడో ఘాతం నుంచి తీస్తే 127. 127వ ఘాతం నుంచి తీస్తే లూకాస్ సంఖ్య. నాలుగూ ప్రధాన సంఖ్యలే, ఒక్కొక్కటీ తర్వాతి దానికి ఘాతం. మరి లూకాస్ సంఖ్యనే ఘాతంగా పెట్టి ఒకటి తీసేస్తే? ఆ సంఖ్యలో ఎన్ని అంకెలుంటాయో చెప్పడానికే 38 అంకెలు కావాలి. దాన్ని రాసి ఉంచే చోటు ఏ కంప్యూటర్‌లోనూ లేదు. లూకాస్ పరీక్ష పెట్టాలంటే మెట్ల సంఖ్య లూకాస్ సంఖ్య కంటే రెండు తక్కువ. చేయగలిగిందల్లా ఒకటే. దానికి చిన్న కారణాంకం ఏదైనా ఉందేమోనని వెతకడం. వెతుకుతున్నారు. ఇంతవరకు దొరకలేదు.